చేపల తొట్టిలో మలినముల వడపోత

గాజుతొట్టిలో రంగుచేపలను పెంచుట ఒకప్పుడు పట్టణములలో కలవారి ఇండ్లకే పరిమితమైన వేడుక. నేడు పల్లెలలో కూడ బడులలోను, దుకాణములలోను, ఇండ్ల వసారాలలోను ఈ తొట్లు కనిపించుచున్నవి. కొందరు పెరటిలో సిమెంటు తొట్లు కట్టించి, గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్ వంటి చేపలను పెంచి అమ్ముకొనుచున్నారు. చెన్నైలోని కొళత్తూరు ప్రాంతమునందును, పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాయందును అనేక కుటుంబములు చిన్న చిన్న తొట్లతోనే ఈ వృత్తిని సాగించుచున్నవి. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల పెంపకమునకు కూడ స్థానము లభించినది.

అయితే ఉత్సాహముతో తొట్టి కొన్నవారిలో పలువురు కొద్ది నెలలకే దానిని ఖాళీ చేసి అటక ఎక్కించుట కూడ మనము చూచుచున్నాము. "నీళ్ళు అద్దమువలె ఉన్నవి. వేళకు మేత వేసితిమి. ఫిల్టరు కూడ పెట్టితిమి. అయినను తెల్లవారుసరికి చేపలు తేలిపోయినవి" అని వారు వాపోవుదురు. పెరటి తొట్లవారికి ఇది వేడుక చెడుట మాత్రమే కాదు. ఒక్క రాత్రిలో పిల్లచేపల ఖరీదు, మేత ఖరీదు, నెలల శ్రమ పోవుట. ఇట్టి నష్టములలో తప్పు చాలవరకు ఫిల్టరుది కాదు. ఫిల్టరు ఏ పని చేయునో, ఏ పని చేయదో తెలియకపోవుటవలన వచ్చిన చిక్కు అది.

ఫిల్టరు మలినమును పట్టి ఒకచోట చేర్చును. తొట్టినుండి దానిని బయటకు పంపదు. పశువుల పాకను పోల్చి చూడుడు. తెల్లవారి పేడను ఊడ్చి ఒక మూలకు చేర్చినంత మాత్రమున పాక శుభ్రమైనట్లు కాదు. దానిని తట్టకెత్తి పెంటదిబ్బకు చేర్చిననాడే పశువునకు ఆరోగ్యము, పొలమునకు ఎరువు. చేపల తొట్టిలో ఫిల్టరు చీపురు వంటిది. తట్ట ఎత్తవలసినది మీరు.

మలినము ఎక్కడినుండి వచ్చును?

తొట్టిలో కంటికి కనబడు మలినము మూడు విధములు: చేపల విసర్జన, తినక మిగిలిన మేత, కుళ్ళిన ఆకులు మొదలగునవి. కంటికి కనబడనిది మరియొకటి కలదు. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను నేరుగా నీటిలోనికి విడుచును. ఇది నీటిలో కరిగి యుండును గనుక ఏ గుడ్డకును, ఏ స్పాంజికిని చిక్కదు.

ఇంగ్లండులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు రెండు గోల్డ్ ఫిష్‌లను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఒక గాజుపాత్రలో కలిపి పెంచి, ఆ ప్రయోగ ఫలితములను 1850లో ప్రకటించెను. మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడుచుండగా, ఆ కుళ్ళును తినుటకు నత్తలను వేసెను. రెండు చేపలున్న పాత్రలోనే మలినమును గూర్చి ఇంత ఆలోచింపవలసివచ్చినప్పుడు, పది పదునైదు చేపల నుంచు మన తొట్ల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఒక చిన్న లెక్క చూడుడు. 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తుగల తొట్టిలో సుమారు 57 లీటర్ల నీరు పట్టును. ఇసుక, రాళ్ళు, పైన వదలవలసిన జాగా పోగా 50 లీటర్లు అనుకొందము. చేపలకు దినమునకు 1 గ్రాము మేత వేయుచున్నారనియు, ఆ మేతలో మాంసకృత్తులు 35 శాతమనియు అనుకొందము. చేప తిన్న ఆ 1 గ్రాము మేతనుండి ఎండు బరువులో సుమారు పావు గ్రాము ఘన మలినమును, సుమారు 32 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజనియు వెలువడును. 50 లీటర్ల నీటిలో ఇది లీటరుకు 0.6 మిల్లీగ్రాముల పైచిలుకు. దీనిని వినియోగించుకొను సూక్ష్మజీవులు గాని, మొక్కలు గాని లేనిచో వారము దినములలో లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటును. మంచి తొట్టిలో పరీక్ష చేసినప్పుడు అమ్మోనియా కనబడరాదు.

అదే 1 గ్రాము మేతను చేప తినక వదలినచో ఏమగును? అది అడుగున కుళ్ళి, అందులోని 56 మిల్లీగ్రాముల నత్రజని ఇంచుమించు అంతయు నీటిలో కలియును. అనగా తిన్న మేతకంటె తినని మేతవలన తొట్టికి కలుగు హాని రెండింతలకు దగ్గరగా నుండును. కాబట్టి మొదటి వడపోత మీ చేతిలోనే యున్నది. రెండు మూడు నిమిషములలో చేపలు పూర్తిగా తినగలిగినంత మేతనే వేయవలెను. మిగిలినదానిని వెంటనే చిన్న వలతో తీసివేయవలెను.

అమ్మోనియా అన్ని నీళ్ళలోను ఒకే విధముగ హాని చేయదు. నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలున్నప్పుడు, పి.హెచ్. 7 గల నీటిలో మొత్తము అమ్మోనియాలో విషరూపమున నుండునది నూటికి 1 వంతుకంటె తక్కువ. పి.హెచ్. 8 అయినప్పుడు నూటికి 6, 7 వంతులు. పి.హెచ్. 9 అయినప్పుడు నూటికి 40 వంతులు. బోరు నీరు క్షారగుణము కలిగియుండు గ్రామములవారు ఈ సంగతిని ముఖ్యముగ గమనింపవలెను. వేసవిలో ప్రమాదము ఇంకను హెచ్చు.

వడపోత చేయు పని

నీటిలో తేలియాడు రేణువులను స్పాంజి, కృత్రిమ దూది, వల వంటి వాటిగుండ పంపి పట్టుటను యాంత్రికమైన వడపోత అందురు. గుడ్డలో మజ్జిగ వడగట్టుటకును దీనికిని సూత్రములో భేదము లేదు. విసర్జన, మేత తునకలు కుళ్ళి నీటిలో కరిగిపోకముందే వాటిని పట్టుట దీని ప్రయోజనము. ఒకసారి కరిగిన తరువాత దీనికి పట్టు దొరకదు.

కరిగిన అమ్మోనియాను మార్చునవి సూక్ష్మజీవులు. మీరు పొలములో యూరియా వేసినప్పుడు అది నేలలో అమ్మోనియాగ మారి, పిదప సూక్ష్మజీవులవలన నైట్రైటుగను, నైట్రేటుగను మారుట మీకు తెలిసినదే. తొట్టిలో జరుగునదియు అదే. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగ మార్చును. అదియు చేపకు విషమే. మరియొక జాతి దానిని నైట్రేటుగ మార్చును. ఇది చాలవరకు హానిలేనిది. ఈ సూక్ష్మజీవులు స్పాంజి రంధ్రములలోను, రాళ్ళపైనను, ఇసుకపైనను పాకుడువలె అంటిపెట్టుకొని యుండును. కొత్త తొట్టిలో ఇవి చాలినంతగా వృద్ధియగుటకు 3 నుండి 6 వారములు పట్టును. కావున మొదట రెండు మూడు చేపలనే వేసి, క్రమముగ పెంచుకొనవలెను.

ఇక్కడనే అసలు చిక్కున్నది. స్పాంజిలో చిక్కిన మలినము నీటిబయటకు పోలేదు. తొట్టిలోని నీరంతయు గంటగంటకు ఆ మలినముగుండనే ప్రవహించుచుండును. స్పాంజిని వారముల తరబడి కడుగకున్నచో మలినము అందులోనే కుళ్ళి, అమ్మోనియాను విడుచుచు, ప్రాణవాయువును హరించుచుండును. పైకి నీరు అద్దమువలెనే కనిపించును. మన పెద్దలు బురదనీటిలో ఇండుపగింజ అరగదీసి కలిపి, పైతేటను వంచుకొని, అడుగు మడ్డిని పారబోసెడివారు. మడ్డిని కుండలోనే ఉంచి తేటను చూచి సంతోషించినవారు లేరు. తేట నీరు వేరు, మంచి నీరు వేరు.

ఫిల్టరులలో రకములు

స్పాంజి ఫిల్టరు: గాలిపంపు బుడగలు పైకి లేచునప్పుడు నీరు స్పాంజిగుండ లోనికి లాగబడును. ఖరీదు తక్కువ. పిల్లచేపలను లోనికి లాగదు. పిల్లలు పెట్టు గప్పీ, మోలీలను పెంచువారికి ఇదే మేలు.

లోపలి మోటారు ఫిల్టరు: చిన్న మోటారు నీటిని స్పాంజిగుండ లాగి బయటకు చిమ్మును. మధ్యరకము తొట్లకు తగినది. ధార వడిగా నున్నచో, పొడవైన రెక్కలుగల చేపలు అలసిపోవును. అప్పుడు ధారను గాజుగోడవైపునకు త్రిప్పవలెను.

పైతొట్టి ఫిల్టరు: తొట్టిపైన నుంచు పొడవైన పెట్టెలోనికి మోటారు నీటిని ఎక్కించును. నీరు స్పాంజి, దూది పొరలగుండ దిగి మరల తొట్టిలో పడును. చేయి తడవకుండ శుభ్రము చేయవచ్చును గనుక నిర్లక్ష్యమునకు తావు తక్కువ. గోల్డ్ ఫిష్ వంటి ఎక్కువ విసర్జించు చేపలకు ఇది అనుకూలము.

డబ్బా ఫిల్టరు: తొట్టి క్రింద నుంచు మూతగల డబ్బా. పెద్ద తొట్లకు మంచిదే కాని, కంటికి కనబడదు గనుక శుభ్రము చేయుట మరచుదురు.

ఇసుక అడుగు ఫిల్టరు: అడుగున పలక నుంచి, పైనున్న గులకరాళ్ళగుండ నీటిని లాగును. మలినమంతయు రాళ్ళ సందులలోనికే పోవును. వారమువారము గొట్టముతో రాళ్ళ సందులలోని మడ్డిని లాగివేయగలవారే దీనిని వాడవలెను.

ఏ రకమైనను గంటకు తొట్టి నీటికి కనీసము 4 రెట్లు నీరు వడపోయవలెను. 50 లీటర్ల తొట్టికి గంటకు 200 లీటర్లు. పెట్టెపై ముద్రించిన అంకె స్పాంజి లేనప్పటి లెక్క కావచ్చును. కావున మీరే కొలుచుట మంచిది. పైతొట్టి ఫిల్టరునుండి పడు ధారక్రింద 1 లీటరు చెంబు నుంచి, గడియారము చూడుడు. 18 సెకండ్లలో నిండినచో గంటకు 200 లీటర్లన్నమాట. అదే చెంబు నిండుటకు 30 సెకండ్లు పట్టుచున్నచో గంటకు 120 లీటర్లే పడుచున్నవి. నీరు ఎంత తేటగ నున్నను ఆనాడు స్పాంజి కడుగవలసినదే.

పొరల అమరిక

నీరు మొదట ముతక స్పాంజిగుండ, తరువాత సన్న స్పాంజిగుండ, ఆ తరువాత దుకాణములలో ఫిల్టరు వూల్ అని అమ్ము తెల్లని కృత్రిమ దూదిగుండ పోవలెను. సూక్ష్మజీవులు కాపురముండు పింగాణి కడియములు, రాళ్ళు అన్నింటికంటె చివర నుండవలెను. ఈ వరుస తలక్రిందులైనచో సన్నపొర వెంటనే పూడుకొనిపోయి ధార నిలిచిపోవును. ధాన్యమునకు ముందు పెద్ద జల్లెడ, పిదప చిన్న జల్లెడ పట్టుదుము గదా! మందుల దుకాణములో దొరకు అసలు దూది వాడరాదు. అది అణగిపోయి కుళ్ళును.

శుభ్రపరచు పద్ధతి

1. మొదట కరెంటు స్విచ్చి ఆపి ప్లగ్గు తీసివేయవలెను. ఆ తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. తీగ ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు అమర్చినచో, తీగవెంట జారు నీరు ప్లగ్గును చేరదు.

2. గొట్టముతో తొట్టి అడుగునున్న మడ్డిని ఒక బకెట్టులోనికి లాగవలెను. నోటితో పీల్చవద్దు; గొట్టమును నీటితో నింపి, రెండు కొనలు వ్రేళ్ళతో మూసి, ఒక కొన తొట్టిలోను, మరియొక కొన బకెట్టులోను వదలిన చాలును. ఈ విధముగ వారమునకు తొట్టి నీటిలో నాలుగవ వంతు తీయవలెను.

3. తొట్టినుండి తీసిన నీటిని మరియొక బకెట్టులో కొంత పోసి, అందులోనే స్పాంజిని మూడు నాలుగు సార్లు పిండవలెను. కుళాయి క్రింద కడుగవద్దు. కుళాయి నీటిలోని క్లోరిను స్పాంజిలోని మంచి సూక్ష్మజీవులను చంపును. సబ్బు అసలే తగదు.

4. స్పాంజి తెల్లబడువరకు పిండవద్దు. ధార మరల మొదటివలె పడిన చాలును. రెండు స్పాంజిలున్నచో ఒక వారము ఒకటి, మరుసటి వారము రెండవది కడుగవలెను. దూది నల్లబడినచో పారవేసి కొత్తది పెట్టవలెను.

5. తీసిన నీటికి బదులు పోయు కొత్తనీరు క్లోరిను కలిపినదైనచో, ఒకదినము ముందుగా పట్టి, గాలిపంపు పెట్టి యుంచవలెను. తొందరయైనచో దుకాణములలో దొరకు క్లోరిను విరుగుడు మందును సీసాపై వ్రాసిన మోతాదున కలుపవచ్చును.

ఒక హెచ్చరిక. పురుగుమందు కలిపిన బకెట్టును గాని, చెంబును గాని, ఎంత కడిగినను, తొట్టి పనికి వాడరాదు. తొట్టికి వేరుగ ఒక బకెట్టు ఉంచుకొనుడు.

కరెంటు పోయినప్పుడు

పల్లెలలో ఫిల్టరు పెట్టినవారు దీనికి సిద్ధముగ నుండవలెను. గాలిపంపును తొట్టి నీటిమట్టమునకు పైన నుంచవలెను. లేదా గొట్టములో నీరు వెనుకకు రానీయని చిన్న కవాటమును అమర్చవలెను. లేనిచో కరెంటు పోయినప్పుడు నీరు వెనుకకు పారి పంపు చెడును. కరెంటు లేని వేళ మేత వేయరాదు. గంటకొకసారి చెంబుతో నీటిని తీసి కొంత ఎత్తునుండి తొట్టిలోనే పోయుచుండవలెను; నీటికి గాలి తగులును. మూతగల డబ్బా ఫిల్టరు చాల గంటలు ఆగిపోయినచో లోపల ప్రాణవాయువు తరిగి మలినము కుళ్ళును. కరెంటు రాగానే దానిని నేరుగా నడుపక, విప్పి, స్పాంజిని పిండి, ఆ తరువాత నడుపవలెను.

పెరటి తొట్లకు చవుక ఏర్పాటు

500 లీటర్ల సిమెంటు తొట్టికి రెండు ప్లాస్టిక్ డ్రమ్ములతో వడపోత ఏర్పాటు చేసుకొనవచ్చును. వాటిని తొట్టి ప్రక్కనే, నీటిమట్టములు సరిపోవునట్లు అమర్చవలెను. తొట్టి అడుగునుండి గొట్టముద్వారా నీరు మొదటి డ్రమ్ములోనికి నెమ్మదిగ రావలెను. ఇందులో ఏ పొరయు నుండదు. నీటి వడి తగ్గి, బరువైన మలినము అడుగున దిగును. పైతేట రెండవ డ్రమ్ములోనికి పోయి, నైలాను వల ముక్కలు, ముతక స్పాంజి, సన్న స్పాంజి పొరలగుండ వడగట్టబడును. అటనుండి చిన్న పంపు నీటిని మరల తొట్టిలోనికి చేర్చును. పంపు ఎప్పుడును చివరనే యుండవలెను. ముందున్నచో దాని రెక్కలు విసర్జనను పిండివలె చిదిపివేయును. అంత సన్నని రేణువులు దిగవు, చిక్కవు. మొదటి డ్రమ్ము అడుగున కుళాయి బిగించి, దినమునకొకసారి త్రిప్పినచో మడ్డి బయటకు వచ్చును. తట్ట ఎత్తుట ఇక్కడ ఒక కుళాయి త్రిప్పునంత సులభమగును.

ఈ మడ్డి నీటిలో నత్రజని, భాస్వరము ఉన్నవి. కాలువలో పారబోయక అరటి, కరివేపాకు, బెండ, వంగ, పూలమొక్కల పాదులకు పోయవచ్చును. తొట్టిలో ఉప్పుగాని, చేపల మందులుగాని వేసిన వారములలో మాత్రము మొక్కలకు పోయరాదు. పచ్చిగా తిను ఆకుకూరలపై పోయరాదు.

"మలినము తిను చేప"

తొట్టి శుభ్రమునకని దుకాణములలో గాజును అంటుకొని ప్రాకు సక్కరు చేపను అమ్ముదురు. అది పాచి తినునే కాని, ఇతర చేపల విసర్జనను తినదు. పైగా తాను పెరిగి, ఎక్కువ విసర్జించి, తొట్టి మలినమును హెచ్చించును. పెద్దదై తొట్టిలో పట్టనప్పుడు దానిని చెరువులలో, కాలువలలో వదలుట పెద్ద తప్పు. ఆ విధముగ వ్యాపించిన ఈ చేప నేడు ఆంధ్రప్రదేశ్ జలములలో కూడ జాలరుల వలలను చింపుచు, తక్కిన చేపలకు మేతలో పోటీ యగుచున్నది. కొన్ని చోట్ల దీనిని దెయ్యపు చేప అనియే పిలుచుచున్నారు. తొట్టి చేపను ఏదియైనను సరే, బయటి నీటిలో వదలరాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

— రెండు మూడు నిమిషములలో తినగలిగినంత మేతనే వేయుడు.
— ఫిల్టరు ధారను చెంబుతో కొలిచి, మందగించిననాడు స్పాంజి కడుగుడు.
— స్పాంజిని తొట్టి నీటిలోనే పిండుడు. అన్ని పొరలను ఒకేసారి కడుగవద్దు.
— వారమునకు నాలుగవ వంతు నీరు, అడుగు మడ్డితోసహా తీసి, కొత్తనీరు పోయుడు.
— చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి గాలి పీల్చుచున్నచో మేత ఆపి, వెంటనే కొంత నీరు మార్చి, గాలిపంపు పెట్టుడు.

ఇంటి తొట్టికి ఈ పని వారమునకు అరగంటకు మించదు. ఆ అరగంట తప్పనివారి తొట్టిలో సామాన్యమైన స్పాంజి ఫిల్టరు చాలును. తప్పినవారి తొట్టిలో ఎంత ఖరీదైన ఫిల్టరైనను చేపలను కాపాడజాలదు. పెరటిలో రంగుచేపల పెంపకమును వృత్తిగ చేపట్టదలచినవారు తొట్లు కట్టుటకు ముందే తమ మండల మత్స్యశాఖ ఉద్యోగులను కలసి, నీటిని పరీక్ష చేయించుకొని, వడపోత ఏర్పాటును గూర్చి సలహా పొందవలెను. గ్రామోద్యోగులు ఈ సంగతులను బడులలోని తొట్లయొద్ద పిల్లలకు చూపించి చెప్పినచో, ఆ పిల్లలే తమ ఇండ్లలో పెద్దలకు నేర్పగలరు.